షీటు ఒకటే, రాసే చెయ్యీ ఒకటే

మా ఆఫీసులో పక్క సీటు అమ్మాయి వాళ్ళ తమ్ముడికి సంబంధం కుదిరింది. తాంబూలాలు మార్చుకున్న మర్నాడే నా దగ్గరికి వచ్చి, “అక్కా, మీ చెల్లి పెళ్ళికి ఏదో షీటు చేశారట కదా, నాకు పంపరా?” అంది. పేర్లు, ఫోన్ నంబర్లు, డబ్బు అంకెలు తీసేసి ఉత్త గళ్ళు పంపించాను. పంపిన దగ్గర్నుంచీ మనసులో ఒకటే గుంజాటన. ఆ గళ్ళు చూసి ఎవరైనా అనుకునేది ఒకటే: లింకు ఇంట్లో అందరికీ ఇచ్చేస్తే తలా ఒక చెయ్యి వేస్తారు, పని తేలికైపోతుంది. మొదట్లో నేనూ అలాగే అనుకున్నాను.

ఇప్పుడు అనుకోవడం లేదు. పెళ్ళికి సంబంధించిన ప్రతి సంగతీ ఒకే చోట ఉండాలి, ఆ మాట మీద మాత్రం ఉన్నాను. కానీ ఆ చోట రాసేది ఒక్కరే అయ్యుండాలి. మిగతావాళ్ళు చెప్పాలి, వినాలి, దెబ్బలాడాలి, కానీ గడిలో చెయ్యి పెట్టకూడదు. ఈ మాట అంటే మా ఆయన నవ్వాడు. “క్లౌడులో పెట్టి కరణీకం చేస్తానంటావు” అన్నాడు. అదేనేమో. ఎందుకలా అంటున్నానో మాత్రం చెప్పుకోవాలి.

తడిసిన పుస్తకం

నా పెళ్ళి 2014 డిసెంబరులో. విశాఖ వాళ్ళకి ఆ ఏడాది గురించి చెప్పక్కర్లేదు. అప్పటికి మా నాన్న దగ్గర పొడుగాటి పద్దు పుస్తకం ఒకటి ఉండేది. సంబంధాలు చూడ్డం మొదలుపెట్టిన రోజే కొని, మొదటి పేజీలో పసుపు బొట్టు పెట్టి, అందులో పిలుపుల లిస్టు రాస్తూ వచ్చారు. అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు ఆ పుస్తకం గోపాలపట్నం ఇంట్లో కిటికీ పక్క బల్ల మీద ఉంది. కిటికీ రెక్క ఊడి దాని మీదే పడింది. సాయంత్రానికి పుస్తకం నీళ్ళలో నానిన అటుకుల్లా ఉంది.

ఫ్యాను కింద ఆరబెడదామంటే కరెంటు లేదు. రెండు రోజులు ఎండలో పెడితే కాగితాలు అప్పడాల్లా లేచాయి. బాల్‌పెన్నుతో రాసిన పేజీలు బతికాయి. ఇంకు పెన్నుతో రాసినవి నీలం మరకలైపోయాయి. ఉక్కునగరం, గాజువాక వైపు చుట్టాలంతా ఆ మరకల్లో ఉన్నారు. ఫోన్లు పలకడం లేదు. నాన్న గుర్తున్నంతవరకు మళ్ళీ రాసి, స్కూటరు మీద రోడ్డుకి అడ్డంగా పడిన చెట్లు తప్పించుకుంటూ ఇల్లిల్లూ తిరిగి పిలిచారు. ఒక ఇల్లు మరిచిపోయారు. ఆయన సొంత మేనత్త కొడుకు ఇల్లు. “తుపానులో మా పేరు కొట్టుకుపోనాదేటి బావా” అని ఆయన ఇప్పటికీ అంటాడు. నవ్వుతూనే అంటాడు గానీ, నా పెళ్ళి తరవాత మూడేళ్ళు మా గడప తొక్కలేదు.

కాబట్టి చెల్లి పెళ్ళి అనగానే గూగుల్ షీట్స్‌లో ఒక షీటు తెరిచాను. దీని వెనక పెద్ద ఆలోచన ఏమీ లేదు, తడవని పుస్తకం కావాలి, అంతే.

నలుగురు అప్పలరాజులు

దానికి ముందు పెళ్ళిళ్ళ కోసమే చేసిన యాప్‌లు ఒకటి రెండు చూశాను. బాగానే ఉన్నాయి, రంగులవీ. కానీ అవి అడిగే ప్రశ్నలు మన పెళ్ళివి కావు. ఏ టేబుల్ దగ్గర ఎవరు కూర్చుంటారు? పిలిచినవాళ్ళు వస్తామన్నారా, రామన్నారా? మన శుభలేఖ ఒక మనిషికి వెళ్ళదు, సకుటుంబ సపరివార సమేతంగా ఒక ఇంటికి వెళ్తుంది. ఇక “తప్పకుండా వస్తాం” అన్న మాటకి కనీసం మూడు అర్థాలున్నాయి. చెప్పిన గొంతుని బట్టి అమ్మ పోల్చుకుంటుంది గానీ యాప్ పోల్చుకోలేదు.

అందుకని వరుసకి ఒక ఇల్లు పెట్టాను. ఇంటిపేరు, పేట, తలలెన్ని, బట్టలు పెట్టాలా, వాళ్ళింటి పెళ్ళికి మనం ఏం చదివించాం. వీటన్నిటికన్నా ముఖ్యమైన గడి ఇంకొకటుంది: ‘ఎవరు పిలవాలి’. కొన్ని ఇళ్ళకి నాన్న ఒక్కరే వెళ్తే చాలు. కొన్నిటికి అమ్మానాన్నా కలిసి వెళ్ళి బొట్టు పెట్టి పిలవాలి. రెండిళ్ళకైతే మా పెదనాన్నే వెళ్ళాలి, వేరే ఎవరు వెళ్ళినా పిలిచినట్టు కాదు. మొదటి వరుస సింహాద్రి అప్పన్నది, రెండోది బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారిది. ఆ రెండింటికి ‘తలలెన్ని’ గడి ఖాళీ.

నేను పనిచేసేది షిప్పింగ్ ఏజెన్సీలో. రోజంతా కంటైనర్ల కాగితాలే. కంటైనరు నంబరులో నాలుగు అక్షరాలు, ఏడు అంకెలు ఉంటాయి. ఆ చివరి అంకె ఉన్నది ముందున్నవాటిని కొట్టడంలో ఎక్కడైనా తప్పు పడితే పట్టిచ్చేందుకు. మా పిలుపుల లిస్టులో నలుగురు అప్పలరాజులున్నారు, వాళ్ళకి అలాంటి చివరి అంకె లేదు. ఇద్దరికి ఇంటిపేరూ ఒకటే. చివరికి ‘అప్పలరాజు, గోపాలపట్నం, మావయ్య’, ‘అప్పలరాజు, కంచరపాలెం, లోకో షెడ్’, ‘అప్పలరాజు, భిలాయ్’, ‘అప్పలరాజు, కోపం’ అని రాసుకున్నాను. నాలుగో ఆయన మీకు ఇందాక పరిచయమైనవాడే. ఆ వరుసకి ఎరుపు రంగు వేసి, అప్పన్న, అమ్మవారి తరవాత మూడో స్థానంలో పెట్టాను.

భిలాయ్, ఖరగ్‌పూర్ చుట్టాల రైలు టిక్కెట్లకి షీటు నిజంగా కలిసొచ్చింది. వెనక రిజర్వేషను 120 రోజుల ముందు తెరిచేవారు, 2024 నవంబరు 1 నుంచి 60 రోజులే. ఈసారి మాఘంలో చేద్దామనుకున్న పెళ్ళి శుక్ర మూఢం వల్ల ఫాల్గుణానికి జరిగింది. ప్రయాణం తేదీలోంచి 60 తీసేసే సూత్రం ఒక గడిలో పెడితే, ఎవరికి ఏ రోజు టిక్కెట్టు తియ్యాలో అదే చెప్పింది. సంక్రాంతి పిండివంటల హడావిడిలో మేం మరిచిపోయినా అది మరిచిపోలేదు.

లింకు అందరికీ ఇచ్చిన వారం

మొదట తొమ్మిది మందికి ఇచ్చాను, అందరికీ రాసే అధికారంతో సహా. మా తమ్ముడు హైదరాబాదు నుంచి, చిన్నాన్న కంచరపాలెం నుంచి, పెళ్ళికొడుకు బెంగళూరు నుంచి, ఇలా.

చిన్నాన్నకి కంప్యూటరంటే ప్రాణం. ఒక రాత్రి కూర్చుని పేర్లన్నీ అక్షర క్రమంలో పెడదామని పేర్ల నిలువు ఒక్కటే పట్టుకుని సర్దేశాడు. పేర్లు చక్కగా వరసలోకొచ్చాయి. పక్కనున్న ఫోన్ నంబర్లు ఎక్కడివక్కడే ఉండిపోయాయి. రెండు రోజులదాకా ఎవరూ గమనించలేదు. మూడో రోజు పిన్ని, “వదినగారూ, మా అమ్మాయి పెళ్ళండీ, నాలుగు రోజుల ముందే రావాలి” అని ఫోన్లో మొదలుపెడితే, అవతలి నుంచి టెంట్‌హౌస్ అతను, “అలాగేనమ్మా, కుర్చీలెన్ని కావాలి?” అన్నాడు. పాత ప్రతి వెనక్కి తెచ్చుకునే వీలు షీటులో ఉంది, ఐదు నిమిషాల పని. కానీ ఈ రెండు రోజుల్లో అందరూ కొత్తగా రాసినవన్నీ దాంతోపాటే పోయాయి. ఎవరేం రాశారో ఒక్కొక్కరినీ అడిగి మళ్ళీ కొట్టాను.

ఇది నవ్వుకుని వదిలేసేదే. రెండోది అలాంటిది కాదు.

పెళ్ళికొడుకు చాలా మంచి పిల్లాడు, ఇప్పటికీ అదే అంటాను. “మా వైపు లెక్కలు నేను నింపుతా అక్కా” అని తనే లింకు అడిగి తీసుకున్నాడు. ఒక పొద్దున్న నాన్న ఫోను చేసి, “అమ్మా, అబ్బాయి ఏదో రాసినట్టున్నాడు, చూడు” అన్నారు. ‘ఆడపడుచు లాంఛనాలు’ అని ఒక వరుస ఉంది, ఎదురుగా అంకె. ఆ గడి మూల పసుపు మచ్చ, దాన్ని ముట్టుకుంటే పక్కన చిన్న పెట్టె తెరుచుకుంది. ‘ఇది తగ్గించొచ్చు కదా?’ అని ఉంది. కింద అతని పేరు, రాత్రి 11:48.

ఆ కుర్రాడి ఉద్దేశం మామగారి మీద బరువు తగ్గిద్దామని. అది నాకూ తెలుసు, నాన్నకీ తెలుసు. అయినా నాన్న ఆ రోజంతా ముభావంగా ఉన్నారు. సాయంత్రం మాత్రం, “మనం ఎక్కడ ఎంత పెడుతున్నామో వాళ్ళు రాత్రుళ్ళు కూర్చుని చూస్తున్నారన్నమాట” అన్నారు. అదే మాట ఆ అబ్బాయి మా హాల్లో కూర్చుని, కాఫీ గ్లాసు కింద పెడుతూ అనుంటే, “అలా అనకు బాబూ, మీ అక్కగారికి మేం పెట్టుకోవాలి కదా” అని నాన్న నవ్వేసి, లోలోపల పొంగిపోయేవారు. గడి పక్కన కనిపించేసరికి అది ఆడిటరు రాసిన అభ్యంతరంలా తగిలింది. మాట మంచిదే. గొంతు లేకుండా వచ్చింది.

ఆ సాయంత్రమే అందరి లింకులూ తీసేశాను. ఏదో సెట్టింగు మారిందని అబద్ధం చెప్పాను. ఇకనించి ఎవరైనా ఏదైనా నాకు ఫోన్ చేసి చెప్పండి, నేను రాస్తాను అన్నాను. వాట్సాప్ గ్రూపులో పెడితే రాయను అని కూడా చెప్పాను. గ్రూపులో గుడ్ మార్నింగ్ గులాబీల మధ్య ‘పందిరి రాట వెదురు దొరికింది’ అన్న మాటని వెతుక్కోవడం నా వల్ల కాదు.

ఒక్కరే రాస్తే ఆ ఒక్కరి గతేమిటి

మా తమ్ముడు దీన్ని ఒప్పుకోలేదు. వాడి వాదనలో బలముంది. “నీకు జ్వరమొస్తే?” అన్నాడు. జనవరి చివర్లో వచ్చింది కూడా. మూడు రోజులు మంచం దిగలేదు. ఆ మూడు రోజులూ ఇంట్లోవాళ్ళు చెప్పవలసినవన్నీ పాత శుభలేఖ వెనకాల, కరెంటు బిల్లు వెనకాల, పాల ప్యాకెట్ల లెక్క చీటీ మీద రాసిపెట్టి, నాలుగో రోజు దోసెడు కాగితాలు నా దుప్పటి మీద పోశారు.

ఇంకో సంగతి. ఒక్కరే రాయాలంటే ఆ ఒక్కరు ఎవరవుతారో అందరికీ తెలుసు. “నువ్వు బాగా చేస్తావు కదా అక్కా” అనే తమ్ముళ్ళు ప్రతి ఇంట్లోనూ ఉంటారు. ఆఫీసు, నా పిల్లాడి స్కూలు, దీని మీద ఇది. కరణీకం అన్న మాటలో అధికారం వినపడుతుంది గానీ వెట్టి వినపడదు. దీనికి నా దగ్గర సమాధానం లేదు. తమ్ముడికే ఆ పని అప్పజెప్పి ఉండాల్సింది, వాడు తప్పులు చేసినా సరే.

తప్పులంటే, పెద్ద తప్పు చేసింది నేనే. వంటవాళ్ళకి రెండో అడ్వాన్సు ఫిబ్రవరి 3న ఇవ్వాలి. 3/2 అని కొట్టాను. షీటు సెట్టింగ్ అమెరికా పద్ధతిలో ఉండిపోయింది, నేను మార్చుకోలేదు. అది మార్చి 2గా తీసుకుని ఊరుకుంది. ఫిబ్రవరి 6న వంటమేస్త్రీ ఫోను. “అమ్మా, మూఢం పోయాక ముహూర్తాలన్నీ ఈ నాలుగు రోజుల్లోనే పడ్డాయి, అదే రోజుకి ఇంకో పార్టీ అడుగుతున్నారు. మీరు ఇస్తారా, ఇవ్వరా?” గుండె జారిపోయింది. ఉన్నపళంగా డబ్బు పంపించాను.

చిత్రమేమిటంటే ఫిబ్రవరి 3 చుట్టూ అమ్మ గోడ క్యాలెండరు మీద ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి ఉంది. “నువ్వు షీటులో రాశావు కదా, చూసుకుంటావులే అనుకున్నాను” అంది. తొమ్మిది మంది చేతుల్లో ఉన్నప్పుడు గందరగోళం, ఒక్కదాని చేతిలో ఉన్నప్పుడు ఇది. అందరూ నిశ్చింతగా ఉన్నారు, చూసేవాళ్ళే లేరు.

అప్పటినుంచి ఆదివారం చదువు మొదలుపెట్టాం. సాయంత్రం ఐదింటికి గోపాలపట్నం వెళ్ళి, ఆ వారంలో మారిన గళ్ళన్నీ పైకి చదివేదాన్ని. నాన్న కళ్ళు మూసుకుని వినేవారు. అమ్మ బీన్స్ ఈనెలు తీస్తూ వినేది. “మళ్ళీ చదువు” అని అమ్మ అందంటే అక్కడ తప్పున్నట్టే. మధుపర్కాలు ఒకే జత రాశానని అలాగే పట్టుకుంది. తెర మీద చూస్తే దొరకని తప్పులు చెవికి దొరుకుతాయి. తరవాత ఆ పేజీలు ప్రింటు తీయించి ఫ్రిజ్ మీద అంటించేవాళ్ళం. పెదనాన్న వచ్చినప్పుడల్లా దాని ముందు నించుని, పెన్ను తీసి మార్జిన్‌లో ఏదో రాసేవారు. అది ఒప్పుకున్నాను. కాగితం మీద ఎవరైనా రాయొచ్చు, షీటులోకి ఎక్కించేది నేను. నా పద్ధతి మొత్తానికి ఇంతే. గొప్పగా చెప్పుకునేది కాదు.

ఒకటి మాత్రం చెప్పాలి, షీటుకి గర్వం ఉంటుంది. ‘తలలెన్ని’ నిలువు మొత్తం 914. వంటమేస్త్రీకి ఆ అంకె చెప్తే ఆయన నవ్వి, “ముహూర్తం రాత్రి ఒంటిగంట దాటాక అంటున్నారు, రేపు ఆఫీసులున్నాయి, భీమిలి అవతలి నుంచి రావాల్సినవాళ్ళున్నారు. 750కి చెప్పండమ్మా” అన్నాడు. నేను వాదించాను. ఇల్లిల్లూ రాసుకున్న లెక్కది! చివరికి 800కి రాజీ పడ్డాం. ఆ రాత్రి లేచిన ప్లేట్లు 738. ఆయన దగ్గర షీటు లేదు.

లెక్క కలవని గడి

పెళ్ళికి పది రోజులుందనగా జమాఖర్చు కలవలేదు. డబ్బు ఎక్కణ్ణుంచి వస్తోందో ఒక పక్క రాశాను: నాన్న పీఎఫ్, చెల్లి దాచుకున్నది, తమ్ముడిచ్చింది, నేనిచ్చింది. ఇంకో పక్క ఖర్చు. ఖర్చు వైపు 2,40,000 ఎక్కువ. తేడా ఉండటం వింత కాదు, అప్పులేవైనా మిగిలి ఉండొచ్చు. కానీ ఎవరికీ బాకీ లేదు. కురుపాం మార్కెట్ బంగారం షాపుతో సహా అందరికీ కట్టేసి ఉన్నాం. లేని డబ్బుతో ఎలా కట్టాం?

సూత్రంలో తప్పుందని రెండు రాత్రులు వెతికాను. ఒక గడి రెండుసార్లు కూడిందా, సున్నా ఎక్కువ పడిందా అని. మూడో రోజు పూర్ణా మార్కెట్‌కి పసుపు, వక్కలు, తమలపాకులకి నాన్నతో వెళ్ళాను. సంచులు స్కూటరుకి తగిలిస్తుంటే అడిగాను. ఆయన కొంచెంసేపు సంచీ తాడు ముడి వేస్తూ ఉండిపోయారు.

“చీటీ పాడేశానమ్మా” అన్నారు.

మూడు లక్షల చీటీ. ఇంకా ఏడాదిపైన నడవాలి. పాటలో 60,000 వదులుకుని 2,40,000 తెచ్చుకున్నారు. అది పెదనాన్నతోపాటు ఉద్యోగం చేసినాయన నడిపే చీటీ. ఇంట్లో ఎవరికీ తెలీదు.

“నాకైనా చెప్పొచ్చు కదా నాన్నా. రాసుకునేదాన్ని కదా.”

“రాస్తే ఆదివారం చదువుతావు కదమ్మా. మీ అమ్మ వింటుంది.”

అన్నీ ఒకే చోట ఉండాలి అని నేను చెప్పే మాటకి ఇంతకన్నా గట్టి దెబ్బ లేదు. అన్నీ కనపడే చోటు ఒకటి ఉందంటే, కనపడకూడనివి దాని బయట తిరగడం మొదలుపెడతాయి. 914 మంది వివరాలు, వాళ్ళలో ఎవరికి మోకాళ్ళ నొప్పులో, కింద గది ఎవరికివ్వాలో కూడా రాసిన షీటులో పెళ్ళి అసలు ఖర్చు లేదు. పాటలో పోయిన 60,000 ఖర్చు కింద రాయాలా, వడ్డీ కింద రాయాలా, నాకు ఇప్పటికీ తెలీదు.

ఆ రాత్రి ఒక వరుస చేర్చాను. ‘ఇతరాలు, నాన్న’ అని. ఆదివారం చదివేటప్పుడు ఆ వరుస దాటేశాను. బీన్స్ అయిపోయి అమ్మ ఆ రోజు గోరుచిక్కుళ్ళు వలుస్తోంది. “మళ్ళీ చదువు” అనలేదు. రాసే చెయ్యి ఒకటే ఉండాలనడానికి ఇదీ ఒక కారణమేనని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. తొమ్మిది మంది చూసే షీటులో అయితే ఆ వరుస పుట్టేదే కాదు. కానీ అమ్మ దగ్గర దాచడానికి నాకేం హక్కుంది అని అడిగితే, లేదనే అంటాను. పెళ్ళయిన నెలకి నాన్నే అమ్మకి చెప్పారు. అమ్మ రెండు రోజులు మాట్లాడలేదు, నాన్నతో కాదు, నాతో. అందుకే ఈ సంగతి ఇక్కడ రాయగలుగుతున్నాను.

పక్క సీటు అమ్మాయికి పంపిన ఖాళీ గళ్ళలో ఆ వరుస కూడా ఉంది, పేరు తీసేశాను. “ఈ ‘ఇతరాలు’ ఏంటక్కా?” అని అడిగింది. నింపేటప్పుడు తెలుస్తుందిలే అన్నాను.

చెల్లి అత్తారింటికి వెళ్ళింది, చదివింపుల లెక్క తేలింది, తెచ్చిన డేగిసాలు టెంట్‌హౌస్‌కి చేరాయి. షీటులో అన్ని వరుసలకీ పచ్చరంగు వేసేశాను, ఒక్కదానికి తప్ప. నెలనెలా ఐదో తారీఖున చీటీ కట్టగానే నాన్న ఫోన్ చేస్తారు. అంకె చెప్పి, “రాసేయమ్మా” అంటారు. వెనకాల సింహాచలం స్టేషన్‌లో బండి కూత గట్టిగా వినపడుతుంది. అమ్మకి అంతా తెలిసినా, ఆ ఫోన్ చెయ్యడానికి మాత్రం ఇంకా మేడ మీదకే వెళ్తున్నారన్నమాట.